ఏం వస్తలేదు సార్!

ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పోతుంటే రెండు రకాల బోర్డులు ఎక్కువగా కనపడతాయి. ఒకటి ప్లాట్ల వెంచర్లవి, రెండోది ఇంజినీరింగ్ కాలేజీలవి. పైకి సంబంధం లేనట్టుండే ఈ రెండు లోకాలూ ఒక పాత కంప్యూటర్ భాష దగ్గర కలుస్తాయి. కాలేజీలో పీహెచ్‌పీ ఒక యూనిట్, ఒక ల్యాబ్ పరీక్ష. వెంచర్ ఆఫీసులో అదే ‘మన వెబ్‌సైట్’. తెలిసిన కుర్రాడెవరో నాలుగు రోజుల్లో చేసిపెట్టినది. ఆ కుర్రాడు దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో కోర్సు చేసుంటాడు, లేదంటే వీడియోలు చూసి నేర్చుకునుంటాడు.

అలా నేర్చుకునేవాళ్ల నోట మొదట్లో తరచుగా వినపడే మాట ‘ఏం వస్తలేదు సార్’. ఎర్రర్ లేదు, పేజీ తెల్లగా ఉంది. లేదా అంతా వచ్చింది గానీ పేరు రావాల్సిన చోట ఖాళీ ఉంది. వేరియబుళ్లు, ఫంక్షన్లు, షరతును బట్టి పేజీలో చూపించడం అనే మూడు తొలి పాఠాలకు దొరుకుతున్న సాయాన్ని ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: పుస్తకం, ఇన్‌స్టిట్యూట్, వీడియో అన్నీ ‘వచ్చే’ సందర్భాన్నే నేర్పుతున్నాయి. రాని సందర్భాన్ని పిల్లల అదృష్టానికి వదిలేస్తున్నాయి. అసలు పని ఉన్నదేమో అక్కడ.

పీహెచ్‌పీ పుట్టుకే చిన్న అవసరంతో. గ్రీన్‌లాండ్‌లో పుట్టి కెనడాలో చదువుకున్న రాస్మస్ లెర్‌డార్ఫ్ తన బయోడేటా పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి 1994లో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్ 8న ‘పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్’ పేరుతో వాటిని అందరికీ ఇచ్చేశాడు. తర్వాత ఇజ్రాయెల్ విద్యార్థులు జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మన్స్ చేతిలో పడి 1998లో మూడో వెర్షన్‌గా అసలైన భాష అయింది. సొంత పేజీలో నాలుగు ముక్కలు మార్చుకోవడానికి పుట్టింది కాబట్టే, ఇవాళ్టికీ హెచ్‌టీఎంఎల్ మధ్యలో ఎక్కడంటే అక్కడ దూరిపోతుంది. సర్వర్‌లో ఏ భాష వాడుతున్నారో తెలిసిన వెబ్‌సైట్లను డబ్ల్యూ3టెక్స్ లెక్కపెడుతుంది. వాటిలో 70 శాతానికి పైగా పీహెచ్‌పీవే. అందులో పెద్ద వాటా 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌ది. ‘పీహెచ్‌పీ పనైపోయింది’ అని కోచింగ్ సెంటర్ల కౌంటర్ దగ్గర చెప్పే మాటను ఈ లెక్కతో పోల్చి వినాలి.

కాలేజీ పాఠంతో మొదలుపెడదాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ వారి 2018 నాటి ఆర్18 సిలబస్‌లో ‘వెబ్ టెక్నాలజీస్’ పేపర్ ఉండేది. మొదటి యూనిట్ పీహెచ్‌పీ: వేరియబుళ్లు, డేటా టైపులు, అర్రేలు, కంట్రోల్ స్ట్రక్చర్లు, ఫంక్షన్లు, ఫారం నుంచి విలువలు చదవడం, మైఎస్‌క్యూఎల్, సెషన్లు, కుకీలు, అన్నీ అందులోనే. హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, ఫారాలు రెండో యూనిట్. జావాస్క్రిప్ట్ చివరి యూనిట్. అంటే ఫారం తయారుచేయడం కంటే ముందు ఫారం నుంచి వచ్చిన విలువను చదవడం నేర్పేవారు. మంచి లెక్చరర్లు ఈ వరసను తిరగేసి చెప్పుకునేవారనుకోండి, అది వేరే సంగతి. కాగితం మీది వరస మాత్రం, ఏ యంత్రం ఏ పని చేస్తుందన్న మొదటి ప్రశ్నను దాటేసి పోయింది.

ఆ ప్రశ్న దాటేస్తే ఏమవుతుందో మొదటిరోజే తెలుస్తుంది. విద్యార్థి తన కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చే జాంప్ వేసుకుంటాడు. ఫైల్‌కి డాట్ పీహెచ్‌పీ బదులు డాట్ హెచ్‌టీఎంఎల్ అని పేరు పెట్టి, డబుల్ క్లిక్ చేస్తాడు. పేజీ తెల్లగా వస్తుంది. కారణం సర్వర్ మధ్యలోకి రాలేదు, ఫైల్ నేరుగా బ్రౌజర్ చేతిలో పడింది. కోణం గుర్తు, దాని పక్కన ప్రశ్నార్థకం కనపడగానే బ్రౌజర్ ‘ఇదేదో కామెంట్’ అనుకుని, మళ్లీ మూసే కోణం గుర్తు వచ్చేదాకా అంతా మింగేస్తుంది. కోడ్‌లో ఎక్కడైనా ‘కంటే ఎక్కువ’ గుర్తు ఉంటే మింగడం అక్కడితో ఆగి, మిగతా సగం కోడ్ పేజీ మీద ఒలికిపోతుంది. ‘సగం వచ్చింది సార్’ అనే రెండో ఫిర్యాదుకు మూలం అదే. ఫైల్ హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో ఉండాలి, అడ్రస్ బార్‌లో లోకల్‌హోస్ట్ అని ఉండాలి, పేరు చివర డాట్ పీహెచ్‌పీ ఉండాలి. ఈ మూడూ చెప్పని పాఠమంటూ లేదు. ఎందుకని చెప్పే పాఠాలు మాత్రం తక్కువ. ‘వ్యూ సోర్స్’ తెరిచి, సర్వర్ పంపింది ఏమిటో, నువ్వు రాసింది ఏమిటో పక్కపక్కన పెట్టి చూపిస్తే పది నిమిషాల పని.

ఇక వేరియబుళ్లు. డాలర్ గుర్తు, పేరు, సమానం, విలువ. ఇంతవరకు కష్టమేమీ లేదు. కష్టమంతా విలువ లేనప్పుడు. పీహెచ్‌పీలో ‘లేకపోవడం’ ఒకటి కాదు. వేరియబుల్ అసలు పుట్టి ఉండకపోవచ్చు. పుట్టి, అందులో నల్ ఉండొచ్చు. ఖాళీ స్ట్రింగ్ ఉండొచ్చు. సున్నా ఉండొచ్చు. ఫాల్స్ ఉండొచ్చు. వీటిలో సున్నాను ఎకో చేస్తే, అంటే పేజీ మీద రాయమంటే, సున్నా కనపడుతుంది. నల్, ఖాళీ స్ట్రింగ్, ఫాల్స్ ఎకో చేస్తే ఏమీ కనపడదు. ట్రూ ఎకో చేస్తే 1 వస్తుంది. తెర మీద ఖాళీ చూసి లోపల ఏముందో చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే మొదటి పాఠంలో ఎకోతో పాటు, విలువనూ దాని రకాన్నీ చూపే వార్‌డంప్‌ను కూడా చేతికివ్వాలి. ఎకో జనం కోసం, వార్‌డంప్ మన కోసం.

ఈ తేడాను ఎల్బీనగర్ బస్‌స్టాప్‌లో నిలబడి చెప్పడం తేలిక. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఉచితమే అయినా కండక్టర్ కార్డు చూసి టికెట్ కొడతాడు. దాని మీద చార్జీ సున్నా. జీరో టికెట్ ఉన్న ఆవిడా, టికెట్ లేని ప్రయాణికుడూ ఒకటి కాదు. పీహెచ్‌పీలో ఎంప్టీ అనే పరీక్షకు మాత్రం ఇద్దరూ ఒకటే. విలువ సున్నా అయినా, ఖాళీ అయినా, లేకపోయినా అది ‘ఖాళీయే’ అంటుంది. చార్జీ ఎంప్టీ అయితే టికెట్ లేనట్టు లెక్కించే ప్రోగ్రాం రాస్తే, చెకింగ్‌కు వచ్చిన ఇన్‌స్పెక్టర్ బస్సులో సగం మందిని దింపేయాలి. ఇజ్‌సెట్ వేరే ప్రశ్న అడుగుతుంది: ఈ పేరుతో విలువ ఉందా, అది నల్ కాదు కదా అని. సున్నా ఉంటే ఉన్నట్టే. సున్నాకు అర్థం ఉన్న చోట, అంటే మార్కులు, చార్జీ, బాకీ, మిగిలిన ప్లాట్ల సంఖ్య వంటి చోట్ల ఎంప్టీ జోలికి పోకూడదు. మొదటి నెలలోనే పిల్లలకు చెప్పాల్సిన నియమం ఇది. చాలా కోర్సుల్లో ఎంప్టీని ‘ఖాళీ చెక్’ అని ఒక ముక్కలో చెప్పి ముందుకు పోతారు.

ఫారం విషయానికి వస్తే చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. రెండు ప్రశ్నార్థకాల గుర్తు ‘??’ 2015లో ఏడో వెర్షన్‌తో వచ్చింది. ఎడమ పక్కది లేకపోతే, నల్ అయితే కుడి పక్కది తీసుకుంటుంది. అంతకు ముందు నుంచీ ఉన్న ‘?:’ ఎడమ పక్కది ఖాళీ అయినా, సున్నా అయినా కుడి పక్కది తీసుకుంటుంది. ఫారంలో పేరు గడి ఉంది, విద్యార్థి ఏమీ రాయకుండా సబ్మిట్ నొక్కాడు. ‘??’ వాడి పక్కన ‘అతిథి’ అని పెట్టుకున్న కుర్రాడు, పేజీలో ‘స్వాగతం అతిథి’ వస్తుందని చూస్తాడు. ‘స్వాగతం’ ఒక్కటే వస్తుంది. బ్రౌజర్ ఖాళీ గడిని కూడా ఖాళీ స్ట్రింగ్‌గా పంపుతుంది మరి. గడి లేనట్టు కాదు, ఉండి ఖాళీగా ఉన్నట్టు. చెక్‌బాక్స్ దీనికి సరిగ్గా తలకిందులు. టిక్ పెట్టకపోతే అసలు ఆ పేరే సర్వర్‌కు చేరదు. ఒకే ఫారంలో రెండు గడులు రెండు రకాల లేమిని పంపుతాయి. ఇది తెలిస్తే ఏ గుర్తు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వెర్షన్ల గొడవ కూడా ఇక్కడే తగులుతుంది. 2020 నవంబరులో వచ్చిన ఎనిమిదో వెర్షన్‌కు ముందు, అంకె సున్నాను ఏ మాటతో ‘==’ పెట్టి పోల్చినా, ఆ మాట అంకెలతో మొదలు కాకపోతే, సమానమే అనేది. 0 == 'గైర్హాజరు' అంటే నిజమే అనేది. సున్నా మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఫలితాల పేజీలో గైర్హాజరు అయిపోయేవాడు. ఎనిమిదో వెర్షన్ దీన్ని సరిచేసింది. అయితే పాత నోట్సు పాతగానే ఉంది. దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ షాపుల్లో చేతులు మారే మెటీరియల్‌లో ఏ వెర్షన్‌కు రాసిందో ఉండదు. మూడు సమానాల గుర్తు ‘===’ విలువనూ రకాన్నీ రెంటినీ చూస్తుంది కాబట్టి ఏ వెర్షన్‌లోనైనా ఒకే జవాబు చెబుతుంది. కొత్తవాళ్లకు మొదట దాన్నే అలవాటు చేసి, రెండు సమానాలను తర్వాత చూపితే మంచిదని నా అభిప్రాయం. సమానం ఒక్కటే రాస్తే అది పోలిక కాదు, విలువ వేయడం. ఇఫ్ లోపల అలా రాస్తే ప్రతి విద్యార్థీ పాసే.

మరీ పాత కోడ్ చదివేవాళ్లకు ఇంకో ఆశ్చర్యం ఎదురవుతుంది: వేరియబుల్ ఎక్కడా పుట్టించకుండానే వాడేసి ఉంటారు. ఒకప్పుడు రిజిస్టర్ గ్లోబల్స్ అనే ఏర్పాటు ఉండేది. ఫారంలో గడి పేరు ‘పేరు’ అయితే, $పేరు తనంతట తానే పుట్టేది. సులువే, కాకపోతే అడ్రస్ బార్‌లో ఎవరు ఏది రాస్తే అదీ వేరియబుల్ అయ్యేది. 2002లో 4.2 వెర్షన్ నుంచి దాన్ని మామూలుగా ఆపి ఉంచారు. 2012లో 5.4తో పూర్తిగా తీసేశారు. ఆ సౌకర్యం మీద రాసిన పాఠాలు కొత్త సర్వర్‌లో నడిపితే పేజీ వస్తుంది, విలువలు రావు.

షరతుతో చూపించడం అనే విద్యకు తెలుగులో ఒక పెద్ద బడి ఉంది. దాన్ని బడి అని ఎవరూ అనరు. అది తెలుగు వికీపీడియా. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వం నడిచేది మీడియావికీ మీద, మీడియావికీ రాసింది పీహెచ్‌పీలో. ఏ ఊరి పేజీ తెరిచినా కుడి పక్కన సమాచారపెట్టె కనపడుతుంది. రాష్ట్రం, జిల్లా, మండలం, జనాభా, పిన్‌కోడ్. కొన్ని ఊళ్లకు అన్ని వరసలూ ఉంటాయి, కొన్నింటికి సగమే. వివరం ఇవ్వని వరస ‘జనాభా:’ అని ఖాళీగా నిలబడదు, మొత్తం వరసే మాయమవుతుంది. అలా చేసేది ఆ పెట్టెను తయారుచేసే మూస (టెంప్లేట్)లోని ‘#ఇఫ్’. మీడియావికీ డెవలపర్ టిమ్ స్టార్లింగ్ 2006లో రాసిన పార్సర్ ఫంక్షన్స్ అనే పొడిగింపుతో అది వచ్చింది. పీహెచ్‌పీ పేరు కూడా వినని తెలుగు వాడుకరులు మూసలు సవరిస్తూ షరతులు రాయడం నేర్చుకున్నారు.

ఇందులో గమనించదగ్గ విశేషం ఒకటుంది. పీహెచ్‌పీ ఇఫ్‌కు '0' అనే స్ట్రింగ్ అబద్ధం. పీహెచ్‌పీతోనే రాసిన ఈ ‘#ఇఫ్’కు మాత్రం '0' నిజం. ఖాళీ, తెల్ల జాగా తప్ప ఏది రాసినా అది ఉన్నట్టే లెక్క. జనాభా సున్నా అయిన నిర్జన గ్రామాలు జనగణనలో ఉంటాయి, వాటి పేజీలో ‘0’ కనపడాలి కదా. భాష ఇచ్చిన జవాబు తమ పనికి సరిపోదని తెలిసినప్పుడు, వాడేవాళ్లు వేరే జవాబు రాసుకోవచ్చునని దీన్ని బట్టి పిల్లలకు చూపించవచ్చు. పరామితి అసలు ఇవ్వకపోవడానికీ, ఇచ్చి ఖాళీగా వదిలేయడానికీ మూసల్లోనూ తేడా ఉంది. నిలువు గీత తర్వాత రాసే మారు విలువ మొదటి సందర్భంలోనే పనిచేస్తుంది, రెండోదాంట్లో పనిచేయదు. ‘??’ దగ్గర చూసిన చిక్కే ఇదీ. ఇంజినీరింగ్ కాలేజీల్లో పీహెచ్‌పీ ల్యాబ్ మొదటి ప్రయోగంగా ‘హలో వరల్డ్’ కంటే, తమ ఊరి వికీ పేజీలో సమాచారపెట్టెను విప్పి చూడమనడం నయం.

అబ్దుల్లాపూర్‌మెట్ పేజీకే ఇంకో పాఠం అంటుకుని ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు, మండలాలు మార్చినప్పుడు, అప్పటిదాకా హయత్‌నగర్ మండలంలో ఉన్న ఈ ఊరు తన పేరుతోనే మండలం అయింది. ‘ఊరు ఇదైతే మండలం అది, లేకపోతే ఊరు అదైతే...’ అంటూ ఇఫ్, ఎల్స్ వరసలు పేజీలో రాసి పెట్టుకున్న వెబ్‌సైట్ ఏదైనా ఆ రోజుతో పాతబడిపోయింది. మార్చాలంటే ప్రతి పేజీలో ప్రతి ఇఫ్ వెతకాలి. ఊరి పేరు, మండలం పేరు ఒక అర్రేలోనో డేటాబేస్ పట్టికలోనో ఉంటే మార్పు ఒక్క చోటే. ఇఫ్ ఉండాల్సింది ‘ఉందా, లేదా’ అన్న ప్రశ్నకు. ఏది ఎక్కడ ఉందన్న వివరానికి కాదు. ఎల్స్‌ఇఫ్‌లు ఐదారు దాటితే అది షరతు కాదు, పట్టిక. కొత్తవాళ్ల కోడ్ చూసి దిద్దేటప్పుడు నేను మొదట వెతికేది ఇదే.

ఫంక్షన్ల దగ్గర తప్పంతా ఎకోకూ రిటర్న్‌కూ మధ్య జరుగుతుంది. ఎకో చేసే ఫంక్షన్ పిలిచిన క్షణంలోనే పేజీ మీద రాసేస్తుంది. రిటర్న్ చేసేది విలువను పిలిచినవాళ్ల చేతిలో పెడుతుంది, చూపించడం మానడం వాళ్లిష్టం. వర్డ్‌ప్రెస్ ఈ రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టి జాగ్రత్త పడింది. ‘ద టైటిల్’ రాసేస్తుంది, ‘గెట్ ద టైటిల్’ తిరిగి ఇస్తుంది. కొత్తగా థీమ్ సవరించే కుర్రాడు శీర్షిక ట్యాగ్‌ను ‘ద టైటిల్’తో చుక్కలు పెట్టి అతికించి ఎకో అంటాడు. శీర్షిక ముందే పేజీ మీద పడిపోతుంది, దాని వెనక ఖాళీ ట్యాగ్ వస్తుంది. అక్షరాలు కనపడుతూనే ఉంటాయి గానీ పెద్దగా, బొద్దుగా ఉండవు. సీఎస్ఎస్‌లో తప్పుందని గంటలు వెతికేవాళ్లుంటారు. ఇంకోవైపు, రిటర్న్ రాయడం మర్చిపోతే ఫంక్షన్ నల్ ఇస్తుంది. నల్‌ను ఎకో చేస్తే ఏం వస్తుందో పైన చెప్పుకున్నాం.

స్కోప్ సంగతి కూడా ఇలాంటిదే. పీహెచ్‌పీ ఫంక్షన్‌కు బయటి వేరియబుళ్లు కనపడవు. లోపలికి కావాల్సింది బ్రాకెట్లలో అందించాలి. జావాస్క్రిప్ట్‌లో బయటివి కనపడతాయి. ఒకే సెమిస్టర్‌లో రెండూ చదివే పిల్లవాడు ఒకదాని అలవాటు ఇంకోదానికి తెస్తాడు, పీహెచ్‌పీలో ఖాళీ వస్తుంది. గ్లోబల్ అని రాసి పని గడిపేసే చిట్కా వీడియోల్లో విరివిగా దొరుకుతుంది. అది వద్దు.

హెచ్‌టీఎంఎల్ మధ్య షరతులు రాసేటప్పుడు మీసాల బ్రాకెట్లకు బదులు కోలన్, ఎండ్‌ఇఫ్ రాసే పద్ధతి ఉంది. నాలుగైదు బ్రాకెట్లు వరసగా మూసే చోట ఏది దేనికో తెలియక ఏడ్చేకంటే ఇది చాలా నయం. చాలా వర్డ్‌ప్రెస్ థీముల్లో ఇదే కనపడుతుంది. ఒక వరస మాత్రమే మారాలంటే ఇంకా చిన్న దారి ఉంది:

<?= $మార్కులు >= 35 ? 'పాస్' : 'ఫెయిల్' ?>

ఇది బొమ్మ కోసం రాసింది కాదు, నిజంగా నడిచే కోడ్. పీహెచ్‌పీ వేరియబుల్ పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తో పాటు 128 నుంచి పైనున్న బైట్లన్నిటినీ ఒప్పుకుంటుంది. తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8లో పూర్తిగా ఆ బైట్లతోనే తయారవుతాయి. అందుకే $మార్కులు చెల్లుతుంది. ఎకోకు బదులు వచ్చే ‘<?=’ గుర్తు 5.4 నుంచి ప్రతి సర్వర్‌లోనూ ఉంటుంది. ఇఫ్, ఫంక్షన్ వంటి కీలక పదాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి గానీ పేర్లు మనవి కావచ్చు. ఉద్యోగంలో పదిమందితో కలిసి పనిచేసేటప్పుడు ఇది కుదరదు. నేర్చుకునే మొదటి వారంలో మాత్రం, ఏది భాష ఇచ్చిన మాటో ఏది తాను పెట్టిన పేరో విద్యార్థికి కంటితోనే తెలిసిపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఈ ఒక్క మార్పూ ఎంత పనిచేస్తుందో ఇన్‌స్టిట్యూట్లు ఎందుకు పట్టించుకోవో నాకు అర్థం కాదు.

తెలుగుతో చిక్కులూ ఉన్నాయి. ‘అబ్దుల్లాపూర్‌మెట్’ పొడవెంత? కంటికి అ, బ్దు, ల్లా, పూ, ర్, మె, ట్ అని ఏడు అక్షరాలు. పీహెచ్‌పీలో పొడవు చెప్పే రెండు ఫంక్షన్లలో ఎంబీ-స్ట్ర్‌లెన్ 18 అంటుంది. స్ట్ర్‌లెన్ 54 అంటుంది. అచ్చు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు, ర్ తర్వాత మెను విడిగా ఉంచే కనపడని గుర్తు, ఒక్కొక్కటీ విడిగా ఒక యూనికోడ్ గుర్తు, ప్రతిదానికీ మూడేసి బైట్లు. ఎంబీ-స్ట్ర్‌లెన్ లెక్కపెట్టేది ఆ గుర్తులను, స్ట్ర్‌లెన్ లెక్కపెట్టేది బైట్లను. పీహెచ్‌పీ మొత్తాన్నీ యూనికోడ్ మీదికి మార్చాలని ఆరో వెర్షన్ కోసం ఏళ్లపాటు పనిచేసి, 2010లో ఆ ప్రయత్నం మానుకున్నారు. ఆరో వెర్షన్ రాలేదు, ఐదు తర్వాత ఏడుకు దూకారు. ఆ పని కాకపోవడం వల్లే మన ఊరి పేరు ఇప్పటికీ 54. వార్త శీర్షిక 50 దాటితే కత్తిరించి చుక్కలు పెట్టమని సబ్‌స్ట్ర్‌తో రాస్తే, అది అక్షరం నడుమ కోయవచ్చు, అప్పుడు చివర వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకం మొలుస్తుంది. ఎంబీ-సబ్‌స్ట్ర్ వాడితే వజ్రం పోతుంది గానీ ఒత్తు ఊడిపోవచ్చు. డేటాబేస్ కనెక్షన్‌కు యూటీఎఫ్-8 అని చెప్పకపోతే పేరంతా ప్రశ్నార్థకాల వరస అయిపోవచ్చు.

ఇంతకంటే మాయదారిది ఆ కనపడని గుర్తు. పదం మధ్యలో ఉంటే కనీసం ఆకారం మారుతుంది. కొన్ని టైపింగ్ సాధనాలు పదం చివర పొల్లు తర్వాత కూడా దాన్ని వదిలేస్తాయి. ‘ఎల్బీనగర్’ అని ఒకరు, చివర ఆ గుర్తుతో ఇంకొకరు టైప్ చేస్తే కంటికి రెండూ ఒకటే, మూడు సమానాల గుర్తుకే కాదు, రెండింటి గుర్తుకూ వేర్వేరు. ఎల్బీనగర్ బ్రాంచి వివరాలు చూపించమన్న షరతు ఎల్స్‌లోకి పోతుంది. ట్రిమ్ దాన్ని తీయదు. వెతకడానికి, పోల్చడానికి వాడే ప్రతిలో ఆ గుర్తును తీసేసి, చూపించే ప్రతిలో ఉంచాలి. ఇంగ్లిష్ పాఠాల్లో ఈ సంగతి ఉండదు, వాళ్లకు అవసరం పడదు. తెలుగులో పాఠం చెప్పేవాళ్లూ ఇంగ్లిష్ ఉదాహరణలనే తెలుగు గొంతుతో చదువుతున్నారు కాబట్టి ఇక్కడా ఉండదు.

ఫారంలో వచ్చినదాన్ని యథాతథంగా ఎకో చేయకూడదని, ట్యాగు గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ గుండా పంపాలని చెప్పని పాఠం ఏ భాషలో ఉన్నా పాఠం కాదు. పేరు గడిలో స్క్రిప్ట్ ట్యాగ్ రాసిపెట్టి సరదా పడే కుర్రాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

దొరికే సాయంలో ఏది ఎంత? ఇన్‌స్టిట్యూట్ బలం పక్కన కూర్చుని తెర చూసే మనిషి. బలహీనత నోట్సు. మైఎస్‌క్యూఎల్‌కు నేరుగా పోయే పాత ఫంక్షన్లను 2015లో ఏడో వెర్షన్ నుంచే తీసేశారు. వాటితో రాసిన కోడ్ ఇంకా చేతులు మారుతూనే ఉంది, కొత్త జాంప్‌లో వేస్తే ఫేటల్ ఎర్రర్. ఒక రకంగా అదే మేలు, తెల్ల పేజీ కంటే ఎర్రర్ మంచిది. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పాఠాల వరస ఉంది. ఆ ప్రాజెక్టు పద్ధతి, చూస్తూ ఆపి చేయడం, నేర్చుకునేవాళ్లకు బాగా నప్పుతుంది. పాఠం ఏ వెర్షన్ నాటిదో చూసుకోవాలి. యూట్యూబ్ తెలుగు వీడియోల్లో ఓపికగా చెప్పేవాళ్లున్నారు, కానీ వీడియోలో వెతకడం కష్టం. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక అడగ్గానే కోడ్ దొరుకుతోంది, ప్రశ్న తెలుగులో అడిగినా సరే. అయితే విద్యార్థి చూపిస్తే తప్ప దానికి తెర కనపడదు. ‘ఏం వస్తలేదు’ అంటే అది ఊహించి చెబుతుంది. వెర్షన్, ఫైల్ పేరు, వార్‌డంప్ చూపించింది, ఎర్రర్ పూర్తి పాఠం ఇస్తే జవాబు కుదురుతుంది. ల్యాబ్‌లో పక్కన నిలబడ్డ సార్‌కు కావాల్సినవీ అవే.

అన్నిటిలో తక్కువగా తెరిచేది పీహెచ్‌పీ అధికారిక మాన్యువల్. ఉచితం, ఫంక్షన్ల పేజీల్లో ఏ వెర్షన్‌లో ఏం మారిందో రాసి ఉంటుంది. జపనీస్, టర్కిష్, బ్రెజిల్ పోర్చుగీసు వంటి భాషల్లోకి స్వచ్ఛందంగా అనువదించారు, తెలుగు లేదు. మొత్తం తేవడం పెద్ద పనే. అందులో ‘టైప్ కంపారిజన్ టేబుల్స్’ అనే అనుబంధం ఒకటుంది. పుట్టని వేరియబుల్, నల్, ఖాళీ స్ట్రింగ్, 0, '0', ఫాల్స్ అని వరసలు, ఎంప్టీ, ఇజ్‌సెట్, ఇఫ్ అని నిలువు గడులు, ప్రతి గడిలో ఔనో కాదో. మాటలు తక్కువ, గడులు ఎక్కువ. ఆ ఒక్క పేజీని తెలుగు చేసి ల్యాబ్ గోడకు అంటించడానికి ఒక ఆదివారం సరిపోతుంది.